ఈస్టర్‌కి వచ్చిన అక్క

నాకు దయ్యాల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. ఇప్పుడూ లేదు. నన్ను ఇంతవరకూ భయపెట్టినవాళ్ళంతా బతికున్న మనుషులే. ముఖ్యంగా టికెట్లు బుక్ చేసుకున్నాక "ఈ వీకెండ్ నీ దగ్గరికే వస్తున్నాం" అని మెసేజ్ పెట్టేవాళ్ళు. కాబట్టి ఇది దయ్యం కథ అని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

మాది కాకినాడ. నేను మాస్టర్స్ జర్మనీలోని కార్ల్స్‌రూహెలో చేశాను. వచ్చిన కొత్తలో ఈ ఊరి పేరు పలకడం కూడా నా బీటెక్ క్లాస్‌మేట్లకి వచ్చేది కాదు. ఏడాది తిరిగేసరికి అందరికీ నోరు తిరిగింది. ఇక్కణ్ణించి ఫ్రాన్స్ బోర్డర్ దగ్గర, బ్లాక్ ఫారెస్ట్ దగ్గర, హైడెల్‌బర్గ్ దగ్గర. జర్మనీలో ఉన్న మనవాళ్ళలో ఎవరికి తిరగాలనిపించినా దారిలో నా గది తగులుతుంది. హోటల్ ఎందుకే, సిరి ఉందిగా అంటారు. ఆ సిరిని నేనే.

వచ్చేవాళ్ళు మంచివాళ్ళే, ఆ మాట ముందే చెప్పాలి. ఊరగాయలు తెస్తారు, ఇంటి కబుర్లు తెస్తారు. కానీ వాళ్ళకది సెలవు, నాకు కాదు. ఏ ట్రామ్ ఎక్కాలో నేను చెప్పాలి, రైలు క్యాన్సిలైతే ఇంకోటి నేను వెతకాలి, తిరిగొచ్చాక వంట నేను చేయాలి. వాళ్ళు వెళ్ళాక సింకు నిండా గిన్నెలు, గది నిండా దుప్పట్లు, ఎవరిదో ఒక ఛార్జర్ మిగులుతాయి. బోర్డర్ దాటగానే వచ్చే స్ట్రాస్‌బర్గ్‌లో, ఆ పెద్ద చర్చి ముందు నిలబడి ఎంతమందికి ఫొటోలు తీశానో గుర్తు లేదు. ఆ చర్చి లోపల ఎలా ఉంటుందో మాత్రం నాకింకా తెలియదు, బయట బ్యాగుల దగ్గర ఎవరో ఒకరు ఉండాలి కదా.

రావద్దని చెప్పొచ్చుగా అంటారు. చెప్పగలిగితే ఇదంతా రాసే పనే ఉండేది కాదు. మొహమాటం ఒక జబ్బు. మా ఇంట్లో అందరికీ ఉంది.

నా గది ఒక పాత ఇంట్లో పైన, ఏటవాలు కప్పు కింద. ఒక గది, దానికి ఆనుకుని మనిషి తిరగడానికి చాలీచాలని వంటిల్లు. మెట్లు చెక్కవి, పిల్లి ఎక్కినా కిర్రుమంటాయి. కింద ఇంటి ఓనరమ్మ ఫ్రావ్ కెల్లర్ ఒంటరిగా ఉంటుంది. పెద్దావిడ, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు. రెండేళ్ళ కిందట ఫిబ్రవరిలో ఒక గుంపు వచ్చి వెళ్ళాక నన్ను మెట్ల దగ్గర ఆపింది. ఇది హోటల్ కాదు, ఇంకోసారి ఇంతమంది దిగితే నువ్వు వేరే గది చూసుకో అని నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది. కేకలేసి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది.

ఇక్కడ గది పోవడమంటే ఏమిటో చదువుకోడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ తెలుసు. కొత్త గది దొరకడానికి నెలలు పడుతుంది. గది లేకపోతే అన్‌మెల్డుంగ్ లేదు, అంటే మనం ఫలానా అడ్రస్‌లో ఉన్నామని ఆఫీసులో రాయించుకోవడం. అది లేకపోతే వీసా ముందుకు కదలదు. ఆ ఏడు నా వీసా మే నెలాఖరుకి అయిపోతోంది. థీసిస్ కూడా మేలోనే ఇవ్వాలి. పొద్దున ల్యాబ్, సాయంత్రం ఒక బేకరీలో పని, ఆ తర్వాత రాసుకోవడం. అద్దంలో మొహం చూసుకోవడం కూడా మానేశాను.

సరిగ్గా అప్పుడే ఈస్టర్‌కి వస్తున్నామని లావణ్య మెసేజ్ పెట్టింది. లావణ్యది వరంగల్, నా బీటెక్ రూమ్మేట్, డ్యూసెల్‌డార్ఫ్‌లో ఐటీ ఉద్యోగం. తన ఫ్లాట్‌మేట్ దీప్తిని కూడా తీసుకొస్తానంది. దీప్తిది అనంతపురం, నేనెప్పుడూ చూడలేదు. ఇంతలో ఫ్రైబర్గ్‌లో మెటీరియల్స్ చదువుతున్న ప్రత్యూషకి ఈ సంగతి తెలిసి, నేనూ వస్తానే, ఒక్కదాన్నే హాస్టల్లో ఏం చేస్తాను అంది. ప్రత్యూషది విజయనగరం, వీసా ఇంటర్వ్యూ క్యూలో పరిచయం. లావణ్యకి ప్రత్యూష తెలియదు, ప్రత్యూషకి లావణ్య తెలియదు. అందరికీ తెలిసింది నేనొక్కదాన్నే. సరే రండి, మెట్ల మీద మాత్రం చప్పుడు చేయకండి అన్నాను.

గుడ్ ఫ్రైడే రోజు రెండు రైళ్ళూ ఆలస్యమై ఇంచుమించు ఒకేసారి వచ్చాయి. స్టేషన్ అంతా జనం. లావణ్యని కౌగిలించుకుని, ప్రత్యూషని వెతికి పట్టుకుని, అందర్నీ ట్రామ్ స్టాప్‌కి నడిపించేసరికి నాకు చెమటలు పట్టాయి. ట్రామ్‌లో కూర్చున్నాక చూశాను. లావణ్య, దీప్తి, ప్రత్యూష, వాళ్ళతోపాటు ఇంకొకావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. ముదురాకుపచ్చ స్వెటర్, జుట్టు ముడేసి క్లిప్పు పెట్టుకుంది, మెడలో సన్నటి నల్లపూసలు. లావణ్య తెచ్చిన పచ్చళ్ళ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి నవ్వింది.

నా మనసులో వచ్చిన మొదటి మాట నిజాయితీగా రాస్తున్నాను. ఇంకొకళ్ళా, అనుకున్నాను. ఎవరితో వచ్చిందో అడగలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని నువ్వెవరు అని ఎలా అడుగుతాం? అక్కా, ప్రయాణం బాగా జరిగిందా అన్నాను. దాంతో అందరూ అక్కా అనడం మొదలెట్టారు. మనకి ఆ పిలుపుతో పని జరిగిపోతుంది, పేరుతో పని లేదు.

ఇంటి దగ్గర మెట్లెక్కే ముందు బూట్లు విప్పి చేత్తో పట్టుకోమంది అక్కే. మెట్ల మధ్యలో కాకుండా గోడ వారగా కాలేస్తే చప్పుడు రాదని కూడా తనే చెప్పింది. రెండేళ్ళుగా ఉంటున్న నాకే ఆ సంగతి తెలియదు. ఆ రోజు మెట్లు కిర్రుమనలేదు.

గుడ్ ఫ్రైడేకి షాపులుండవు. ముందురోజే తెచ్చుకోవాలి, నేను థీసిస్‌లో పడి మర్చిపోయాను. ఇంట్లో బియ్యం, కందిపప్పు, నాలుగు ఉల్లిపాయలు ఉన్నాయి. ఏం చేయాలో తోచక వంటింట్లో నిలబడితే అక్క వచ్చి నా చేతిలో గరిటె తీసుకుంది. పక్కకి జరుగు అన్నట్టు మోచేత్తో చిన్నగా తోసింది. పప్పుచారు, అన్నం, పచ్చడి. అందరం పొగుడుతూ తిన్నాం.

ఇక్కడ ఒక చిన్న సంగతి. నా వంటింట్లో పంపు తిరగేసి బిగించారు. చన్నీళ్ళ వైపు తిప్పితే సలసల కాగే నీళ్ళొస్తాయి. వచ్చిన ప్రతి గెస్టూ మొదటిసారి చేయి కాల్చుకోవాల్సిందే. ఆ రోజు దీప్తి కాల్చుకుంది, ప్రత్యూషా కాల్చుకుంది. అక్క కాల్చుకోలేదు. అప్పుడు నేనది గమనించాను గానీ పట్టించుకోలేదు.

శనివారం స్ట్రాస్‌బర్గ్ ప్లాన్. నేను గైడ్‌గా తయారవుతుంటే అక్క గుమ్మం దగ్గర నిలబడి నన్ను ఆపింది. అందరూ అక్కడే ఉన్నారు. "కాసేపు పడుకోవే. మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. వాళ్ళేం చిన్నపిల్లలా, ఫోన్లు లేవా?" అంది. అచ్చం మా పెద్దమ్మ మాట్లాడినట్టే. గోదావరి మనిషే, ఏ ఊరో అడగాలి అనుకున్నాను. వాళ్ళు ముగ్గురూ ఫోన్లో దారి చూసుకుంటూ వెళ్ళిపోయారు.

నేను మధ్యాహ్నమంతా నిద్రపోయాను. మధ్యలో ఒకసారి మెలకువ వచ్చింది. వంటింట్లో ఎవరో మెల్లగా గిన్నెలు సర్దుతున్న చప్పుడు, పోపు వాసన. ఈ దేశానికి వచ్చాక నేను పడుకుని ఉండగా ఇంకొకళ్ళు వంటచేయడం అదే మొదటిసారి. దుప్పటి మొహం మీదికి లాక్కుని కాస్త ఏడ్చాను. ఎందుకో చెప్పలేను, అలసటే అయుంటుంది. లేచేసరికి ప్లేటు మీద ప్లేటు మూతపెట్టి అన్నం ఉంది. తిన్నావా లేదా అని రెండుసార్లు అడిగింది. ఎంతోమందికి ఆతిథ్యమిచ్చాను గానీ, ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఆదివారం మమ్మల్ని నలుగుర్నీ ఊరి మధ్యలో ఉన్న పాత రాజుగారి కోట తోటకి వాకింగ్‌కి తోలేసింది. తను రానంది. తిరిగొచ్చేసరికి పెరుగన్నం కలిపి ఉంది. కిటికీ దగ్గర పరుపు మీద ప్లేట్లు పట్టుకుని కూర్చున్నాం. అక్క నా ఫోన్ తీసుకుని, ఇటు చూడండి అని ఫొటో తీసింది. శనివారం కొన్న పెరుగు డబ్బా దాంతో ఖాళీ అయింది. డబ్బా కడిగి ప్లాస్టిక్ చెత్తలో వేసింది నేనే కాబట్టి గట్టిగా చెప్పగలను.

సోమవారం అందరికీ తిరుగు ప్రయాణం. బయల్దేరుతుంటే, మీరు పదండి, పాల గిన్నె మీద మూత పెట్టి వస్తా అంది అక్క. మేం బూట్లు చేత్తో పట్టుకుని దిగాం. ట్రామ్ నిండిపోయింది, తలో మూలా నిలబడ్డాం. స్టేషన్‌లో డ్యూసెల్‌డార్ఫ్ రైలు ప్లాట్‌ఫాం మార్చారు. లావణ్య, దీప్తి పరిగెత్తారు. నేను ప్రత్యూష పెట్టె పట్టుకుని ఇటు పరిగెత్తాను. ప్రత్యూష రైలు కదిలాక, అక్క లావణ్య వాళ్ళతో వెళ్ళిపోయింది కదా, సరిగ్గా థాంక్స్ కూడా చెప్పలేదు అనుకున్నాను.

ఇంటికొచ్చి వీడియో కాల్ చేశాను. ముగ్గురూ ఇంకా రైళ్ళలోనే ఉన్నారు. ఫొటోలు పంపాలి, అక్క నంబర్ ఇవ్వవే అని లావణ్యని అడిగాను.

"నా దగ్గరేడిది? గా అక్క ప్రత్యూషతోని కదా వచ్చింది" అంది లావణ్య.

ప్రత్యూష నవ్వి, "నాతోనా? నానొక్కదాన్నే వచ్చాను. మీ ఆఫీసావిడ అనుకున్నాను" అంది.

వెంటనే అందరం ఒక్కసారే మాట్లాడాం. ఎవరి బెడ్ పక్కన పడుకుంది? ఎవరికీ తెలియదు. పెట్టె ఏ రంగు? ఎవరూ చూడలేదు. స్వెటర్, క్లిప్పు, నల్లపూసలు మాత్రం నలుగురికీ ఒకేలా గుర్తున్నాయి.

పోనీ మాట తీరుని బట్టి ఏ ఊరో కనుక్కుందాం, మా గోదావరి మనిషే, వాకబు చేస్తే దొరుకుతుంది అన్నాను. లావణ్య నన్ను వింతగా చూసింది. గోదావరి ఏంది, ఆమె మాట పక్కా మా వరంగల్ మాట అంది. కాదు, మా ఇజీనారం అంది ప్రత్యూష. దీప్తి మెల్లగా, నాతో మా సీమలో మాట్లాడినట్టే మాట్లాడింది అంది.

అప్పుడు శనివారం గుమ్మం దగ్గర అక్క అన్న మాట గుర్తు చేసుకోమన్నాను. అందరూ పక్కపక్కనే నిలబడి విన్న మాట అది. లావణ్యకి గుర్తున్నది "జరసేపు పండుకో బిడ్డా, మొఖం జూడు ఎట్ల గుంజుకపోయిందో" అని. ప్రత్యూషకి "కాసేపు తొంగోయే, మొకం సూడు ఎలాగ పీక్కుపోనాదో" అని. దీప్తికి "రోంతసేపు పండుకో" అని. ఒకే మాట, ఒకే గుమ్మం, ఒకే మనిషి. ఎవరూ తగ్గలేదు. నేనూ తగ్గలేదు, ఇప్పటికీ నా చెవుల్లో మా పెద్దమ్మ గొంతే ఉంది.

ఫొటో ఉంది. నా ఫోన్‌లో, నలుగురం నవ్వుతూ, చేతుల్లో పెరుగన్నం ప్లేట్లతో. ఎదురుగా ఫోన్ ఆనించడానికి అటువైపు బల్ల కూడా లేదు. తీసిన మనిషి ఒకరున్నారని ఆ ఫొటోయే చెబుతోంది.

నేను సైన్స్ చదువుకున్నదాన్ని. మామూలుగా ఏమై ఉండొచ్చో ఆలోచించాను. స్టేషన్‌లో ఎవరో ఒంటరి మనిషి, తెలుగు వినపడేసరికి ఉండబట్టలేక మాతో నడిచొచ్చి ఉండొచ్చు. ఈ దేశంలో అలాంటి ఒంటరితనం ఉంది, నేనెరుగుదును. మాట తీరు సంగతి మా అలసట వల్ల అనుకోవచ్చు. అలా సర్దుకుని, ఇంకో భయంతో పడుకున్నాను. నాలుగు రోజులు ఇంట్లో అంతమంది ఉన్నారు. ఫ్రావ్ కెల్లర్‌కి తెలియకుండా ఉండదు.

మంగళవారం పొద్దున నేను దిగేసరికి ఆవిడ మెట్ల కింద నిలబడి ఉంది. నా గది పోయిందనుకున్నాను. మే, వీసా, థీసిస్ అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. క్షమించండి అని జర్మన్‌లో మొదలెట్టాను. ఆవిడ చేయెత్తి ఆపింది. రెండో చేతిలో నా స్టీలు గిన్నె ఉంది, కడిగి తుడిచి.

ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో దిగిన ఆవిడ కిందికి వచ్చింది అంది. గిన్నెలో తెల్లటి అన్నం, చల్లగా, ఆవాలతో తెచ్చిందట. వంటింట్లో కూర్చుని చాలాసేపు మాట్లాడిందట. పైన ఉన్న పిల్ల మీద కోపం పెట్టుకోకండి, దానికి రావద్దని చెప్పడం చేతకాదు, చాలా అలిసిపోయింది, ఈ ఒక్క నెలా దాన్ని కదపకండి అందట.

ఏ భాషలో అని అడిగాను.

ఫ్రావ్ కెల్లర్ గిన్నె నా చేతిలో పెట్టి, తన చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. మా ఊరి భాషలో అంది. మామూలు జర్మన్‌లో కాదు, తను పుట్టిన కొండ ఊళ్ళో, పక్క ఊరివాళ్ళకే సరిగ్గా అర్థంకాని ఆ యాసలో. చెల్లెలు పోయాక ఆ మాటలు మాట్లాడేవాళ్ళు తనకెవరూ మిగల్లేదట. ఆమె ఎక్కడ నేర్చుకుందో నువ్వు అడిగి చెప్పు అంది. ఆవిడ కళ్ళు తడిగా ఉండడం అదే మొదటిసారి చూశాను.

నాకంటే ముందు పై గదిలో మా దేశంవాళ్ళెవరైనా ఉండేవాళ్ళా అని అడిగాను. మనుషులే లేరు, మా పాత సామాన్లుండేవి అంది. ఆమెకి కేక్ పెట్టాను, తర్వాత తింటానంది గానీ ముట్టుకోలేదు, మీవాళ్ళు కేక్ తినరా అని కూడా అడిగింది. తింటారు అన్నాను.

రాత్రి వంటింట్లో అడుగు కూడా పెట్టలేదు, పైకెళ్ళి అప్పుడు చూశాను. హీటర్ మీద, తువ్వాలు చుట్టిన గిన్నె ఉంది. అందులో పెరుగు, గడ్డగా, కమ్మగా తోడుకుని ఉంది. ఇంట్లో తోడెయ్యడానికి చుక్క పెరుగు కూడా లేదని పైన రాశాను. అమ్మకి ఫోన్ చేస్తే, పచ్చిమిరపకాయ తొడిమలు వేసినా తోడుకుంటుందే అంది. అయుండొచ్చు. గిన్నెలో తొడిమలు మాత్రం లేవు.

నేనా గదిలోనే థీసిస్ ముగించాను, వీసా వచ్చింది, ఈ ఊళ్ళోనే ఉద్యోగం కూడా వచ్చింది. ఆ పెరుగులోంచి రోజూ ఒక చెంచా తీసి మర్నాటికి వేస్తూ వచ్చాను, అది ఇప్పటికీ నడుస్తోంది. ఫ్రావ్ కెల్లర్‌కీ ఒక చిన్న గిన్నె ఇస్తాను. ఈస్టర్ వచ్చినప్పుడల్లా ఆవిడ అడుగుతుంది, ఈసారి ఆమె వస్తోందా అని. అసలు సంగతి చెప్పేంత జర్మన్ నాకు వచ్చు. కానీ చెప్పలేదు. ఇంకా తెలియదు అంటాను, అది అబద్ధం కాదు.

మేం నలుగురం ఇప్పటికీ దీని గురించి మాట్లాడుకుంటాం. ఎన్నిసార్లు తిరగేసినా ఎవరికీ ఏమీ తేలలేదు. ఒకటి మాత్రం అందరం ఒప్పుకున్నాం. అన్ని రోజుల్లో అక్క ప్లేటు ముందు కూర్చోగా ఎవరం చూడలేదు. తిన్నావా అక్కా అని అడిగిన గుర్తు కూడా ఎవరికీ లేదు.

ఇప్పుడు నా జీతానికి ఇంకాస్త పెద్ద ఇల్లు వస్తుంది. ఆ ఏటవాలు కప్పుకి తల కొట్టుకుంటూ ఇంకా అక్కడే ఎందుకున్నావని లావణ్య తిడుతుంది. ఆఫీసుకి దగ్గర అని ఏదో చెబుతాను. నిజం ఏమిటంటే అక్కకి తెలిసిన అడ్రస్ అదొక్కటే. మళ్ళీ వస్తే నువ్వెవరు అని అడగను. ముందు ప్లేటు పెట్టి, కూర్చో, తిను అంటాను.